గంట హైదరాబాద్‌లో, పని ఇల్లందులో: సీ ప్రోగ్రాం రాసేవారికి కొన్ని చిట్కాలు

మా నాన్న ఇల్లందులో బొగ్గు బావి హాలేజీ మీద పనిచేసి రిటైరయ్యారు. సింగరేణి తవ్వకం 1889లో మొదలైన ఊరు మాది. పాతవాళ్లకు ఇప్పటికీ అది బొగ్గుట్టే. బావి లోపల బొగ్గు మోసే టబ్బుల దగ్గరున్న మనిషి తీగ లాగితే పైన ఇంజిన్ దగ్గర గంట మోగేదని నాన్న చెప్పేవారు. టబ్బులు కదులుతుండగా ఒక్క గంట వినబడితే ఆపెయ్యడమే, ఎందుకని అడగడం లేదు. ఇప్పుడు ఆ ఇంట్లో హాలు మూలన పాత డెస్క్‌టాప్ ఒకటి లైనక్స్ మీద నడుస్తోంది. ఇంటిల్లిపాది ఫోటోలు, నాన్న సీఎంపీఎఫ్ పెన్షన్ కాగితాల స్కాన్లు, ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కాపీలు అందులోనే ఉంటాయి. నేనుండేది హైదరాబాద్‌లో. బ్యాకప్ తీయించాలన్నా, డిస్కు ఎంత నిండిందో చూడాలన్నా ఇక్కడి నుంచే, నేను రాసుకున్న చిన్న సీ ప్రోగ్రాంతో కానిస్తాను.

మొదటిసారి చూపించినప్పుడు నాన్న అడిగింది ఒక్కటే: "నువ్వు గంట కొట్టినవ్ సరే బిడ్డా, అక్కడ విన్నరని నీకెట్ల తెలుస్తది?" ఈ చిట్కాల్లో సగం, ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా నేర్చుకున్న జవాబులే.

1. ముందు సీ అవసరమేనా చూసుకోండి. రోజుకోసారి ఒకే కమాండ్ నడిపించడానికైతే నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు, దాన్ని వేళకు లేపే క్రాన్ చాలు. మీ పని ఇప్పటికే సీలో ఉండి, మధ్యలో దూరపు కంప్యూటర్ ఇచ్చే జవాబు అవసరమైతేనే ఈ తంటా. నా ప్రోగ్రాం ఇక్కడి ఫోటోల జాబితాను ఇల్లందు జాబితాతో పోల్చి, అక్కడ లేనివే పంపుతుంది. "ఆర్‌సింక్ ఉండగా ఇదెందుకు మామయ్యా?" అని మేనల్లుడు అడిగాడు. నేర్చుకోవడానికి అన్నాను. అంతకు మించిన కారణం నా దగ్గర లేదు.

2. కరెంటు సంగతి ప్రోగ్రాం కంటే ముందు చూడండి. గుండాల వైపు అడవిలో గాలివాన లేచిందంటే మా ఇంట్లో కరెంటు పోతుంది. పోవడం ఒక ఎత్తు, వచ్చాక కంప్యూటర్ తనంతట తాను లేవకపోవడం ఇంకో ఎత్తు. బయోస్ సెట్టింగుల్లో, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని 'ఆన్' అని మార్చండి. ఇది చేయకముందు ప్రతిసారీ అమ్మకు ఫోన్ చేసి "ఆ నల్ల డబ్బా ముందున్న బటన్ నొక్కమ్మా" అనాల్సి వచ్చేది. ఆర్నెల్లకోసారి మూత విప్పి ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము బ్రష్‌తో దులపండి. మా ఊళ్లో ఆ దుమ్ము రంగు వేరే చెప్పక్కర్లేదు.

3. ఇంటి ఇంటర్నెట్‌కు బయటి నుంచి తలుపు ఉందో లేదో కనుక్కోండి. చాలా కనెక్షన్లలో వందల ఇళ్లకు కలిపి ఒకే చిరునామా ఇస్తారు. రౌటర్ పేజీలో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీదీ అలాంటిదే. ఉమ్మడి చిరునామాల కోసమే 2012లో ఆ వరసను విడిగా కేటాయించారు. అప్పుడు మీరు బయటి నుంచి ఎంత తలుపు తట్టినా ఇంటిదాకా చేరదు. విరుగుడు ఏమిటంటే, ఇంటి కంప్యూటర్ చేతే బయటికి కనెక్షన్ పెట్టించడం. అద్దెకు దొరికే చిన్న సర్వర్ ఒకటి తీసుకుని, ఇల్లందు కంప్యూటర్ దానికి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌ను భద్రంగా నడిపించే ప్రోగ్రాం) రివర్స్ టన్నెల్ వేసి ఉంచితే, మీరు ఆ సర్వర్ మీదుగా వెనక్కి వెళ్లొచ్చు. అంత ఓపిక లేకపోతే వైర్‌గార్డ్ ఆధారంగా నడిచే టెయిల్‌స్కేల్ లాంటిది రెండు చోట్లా వేసుకోండి. నేను రెండూ చేసి, రెండోదాని దగ్గర స్థిరపడ్డాను.

4. ప్రోగ్రాంలో పాస్‌వర్డ్ రాయకండి. కంపైల్ చేస్తే దాక్కుంటుందనుకుంటే పొరపాటు. స్ట్రింగ్స్ అనే చిన్న కమాండ్‌తో ఎవరైనా దాన్ని బయటికి లాగొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్‌తో ఈడీ25519 రకం తాళంచెవుల జత చేసుకుని, బహిరంగ తాళంచెవిని ఇంటి కంప్యూటర్లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలులో చేర్చండి. అక్కడి డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఆ ఫైలుకు 600 అనుమతులు పెట్టండి. అనుమతులు వదులుగా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ మీ తాళంచెవిని పట్టించుకోదు, కారణం కూడా మీకు చెప్పదు. ఆ కారణం అవతలి కంప్యూటర్ లాగ్‌లో ఉంటుంది. దాని కోసం ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

5. పాత పుస్తకాల్లో ఆర్‌ఎగ్జెక్, ఆర్‌సీఎండీ ఫంక్షన్లు కనబడితే పేజీ తిప్పేయండి. దూరపు కంప్యూటర్‌లో కమాండ్ నడపడానికి సీలో ఒకప్పుడు అవే నేరు దారులు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్ నాటివి. ఆర్‌ఎగ్జెక్‌కు 512, ఆర్‌సీఎండీ మాట్లాడే ఆర్‌ఎస్‌హెచ్ సేవకు 514 పోర్టులు. మొదటిది పాస్‌వర్డ్‌ను పోస్టుకార్డు మీద రాసినట్టు అందరికీ కనబడేలా పంపుతుంది. రెండోది ఆర్‌హోస్ట్స్ ఫైలులో పేరున్న కంప్యూటర్ నుంచి ఆ యూజర్ పేరు చెప్పుకుని ఎవరొచ్చినా మనవాడే అనుకుంటుంది. 1988 నవంబర్ 2న కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన పురుగు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకడానికి వాడుకున్న దారుల్లో ఈ నమ్మకం కూడా ఉంది. అదీ సీలో రాసిందే. తర్వాత ఫిన్లాండ్‌లో తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం చూసి, తాతు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. మనం వాడుతున్నది 1999లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. పోర్టు నంబరు 22.

6. తొందర పనికి సిస్టమ్ ఫంక్షన్ చాలు, కానీ దాని జవాబును సరిగ్గా చదవండి. దీనికి ఒక వాక్యం ఇస్తే ఇక్కడి కంప్యూటర్లో ఒక షెల్‌ను లేపి, వాక్యాన్ని దానికి అప్పజెప్పి, పని అయ్యేదాకా కూర్చుంటుంది. ఆ వాక్యంలో ఎస్‌ఎస్‌హెచ్, ఇంటి కంప్యూటర్ పేరు, అక్కడ నడపాల్సిన కమాండ్ వరసగా రాస్తే సరి. తిరిగొచ్చే అంకె చూసి మాత్రం కొత్తవాళ్లు కంగారు పడతారు. కమాండ్ 1తో విఫలమైతే లైనక్స్‌లో మీ చేతికొచ్చేది 256. ఎస్‌ఎస్‌హెచ్ 255 అంటే మీకు కనబడేది 65280. అసలు అంకె పై బైటులో కూర్చుని ఉంటుంది. దాన్ని కిందికి దింపడానికి డబ్ల్యూఎగ్జిట్‌స్టేటస్ మ్యాక్రో వాడండి. అంతకుముందు, ప్రోగ్రాం మామూలుగా ముగిసిందో లేదో డబ్ల్యూఇఫ్‌ఎగ్జిటెడ్‌తో చూసుకోండి.

ఆ అంకెల్లో గుర్తుంచుకోవాల్సినవి మూడు. సున్నా వస్తే అక్కడి కమాండ్ తన లెక్క ప్రకారం బాగానే ముగిసింది. 127 వస్తే అక్కడి షెల్‌కు ఆ పేరుతో కమాండ్ దొరకలేదు. 255 వస్తే సాధారణంగా దారే తెగింది: కరెంటో, నెట్టో, తాళంచెవో. నాన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం ఎనిమిదో చిట్కాలో దొరుకుతుంది.

7. అక్కడ అచ్చయింది చదవాలంటే పీఓపెన్. సిస్టమ్ ఫంక్షన్ అంకె మాత్రమే ఇస్తుంది, పీఓపెన్ మాటలు కూడా తెచ్చిస్తుంది. చదివే పద్ధతిలో తెరిచి, ఎఫ్‌గెట్స్‌తో లైను లైను చదువుకుని, చివర పీక్లోజ్ చేయండి. ఇందాకటి అంకె పీక్లోజ్ తిరిగిస్తుంది, దాన్ని పారేయకండి. పీఓపెన్‌తో చదవడమో రాయడమో ఒకటే వీలవుతుంది. తప్పుల సందేశాలు ఈ గొట్టంలోకి రావు. అవీ కావాలంటే కమాండ్ చివర, రెండో దారిని ఒకటో దారిలో కలిపే షెల్ గుర్తు పెట్టాలి. ఇంకో మాట: డిస్కు లెక్క చెప్పే డీఎఫ్ కమాండ్ మొత్తం పట్టిక తెచ్చుకుని అందులో ఐదో గడి వెతుక్కోకండి. శాతం ఒక్కటే ఇవ్వమని దాన్నే అడగొచ్చు. నాకు రోజూ వచ్చేది తలకట్టు ఒక లైను, అంకె ఒక లైను. అంకె 90 దాటితే ప్రోగ్రాం నా ఫోన్‌కు కబురు పెడుతుంది.

8. పేరులో ఖాళీ ఉంటే అది రెండు గడపలు దాటాలని మరవకండి. ఇది డబ్బు పోసి కొనలేని పాఠం, ఫోటోలు పోసి కొన్నాను.

ఇంటి కంప్యూటర్లో 'ఫోటోలు' అని ఒక ఫోల్డర్, 'ఫోటోలు కాపీ' అని ఇంకొకటి ఉండేవి. జాగా తక్కువైందని రెండోదాన్ని తీసేయాలనుకున్నాను. పేరు మధ్యలో ఖాళీ ఉంది కదా, నాకు తెలిసిన జాగ్రత్త కొద్దీ జంట కొటేషన్లు పెట్టి సిస్టమ్ ఫంక్షన్‌కు ఇచ్చాను. ఇక్కడి షెల్ కొటేషన్లు చూసింది, ఇదంతా ఒకే పేరని అర్థం చేసుకుంది, కొటేషన్లు ఒలిచేసి పేరును ఎస్‌ఎస్‌హెచ్ చేతికిచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్ తనకు అందిన ముక్కలన్నిటినీ మధ్యలో ఖాళీలు పెట్టి ఒకే వాక్యంగా కలిపి ఇల్లందు పంపింది. అక్కడ ఇంకో షెల్ ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచీ చదివింది. దానికి కొటేషన్లు కనబడలేదు. 'ఫోటోలు' ఒక పేరు, 'కాపీ' ఇంకో పేరు అనుకుంది. 'కాపీ' అనేది అక్కడ లేదు. 'ఫోటోలు' ఉంది, తీసేసింది. బలవంతంగా తీసేయమనే గుర్తు కూడా నేనే తగిలించాను కాబట్టి, లేని 'కాపీ' గురించి చిన్న గొణుగుడు కూడా రాలేదు. తిరిగొచ్చిన అంకె సున్నా.

నేను తీసేద్దామనుకున్న కాపీయే చివరికి ఆదుకుంది. అయినా కాపీ చేసిన తర్వాత చేరిన ఆర్నెల్ల ఫోటోలు పోయాయి, అందులో చెల్లెలి సీమంతం ఒకటి. కొన్ని బావ ఫోన్‌లో దొరికాయి. చెల్లెలు నాతో వారం రోజులు మాట్లాడలేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, సున్నా వచ్చిందంటే గంట వినబడింది, చెప్పింది చేశారు, అంతవరకే. మనం చెప్పాలనుకున్నదీ, అక్కడ చదువుకున్నదీ ఒకటేనా అన్నది ఆ అంకెకు తెలియదు.

దీనికి రెండు మందులు. ఒకటి, ఇక్కడి షెల్‌ను దారిలోంచి తప్పించడం: ఫోర్క్ చేసి, పిల్ల ప్రాసెస్‌లో ఎగ్జెక్‌ఎల్‌పీతో ఎస్‌ఎస్‌హెచ్‌ను నేరుగా పిలవండి, తల్లి ప్రాసెస్ వెయిట్‌పిడ్‌తో కాచుకుంటుంది. అప్పుడు దాటాల్సిన గడప ఒక్కటే మిగులుతుంది. రెండు, ఆ మిగిలిన గడప కోసం పేరును ఒంటి కొటేషన్లలో చుట్టడం. పేరులోనే ఒంటి కొటేషన్ ఉంటే, అక్కడ కొటేషన్ మూసి, బ్యాక్‌స్లాష్ పెట్టి ఒక కొటేషన్ రాసి, మళ్లీ తెరవాలి. దీని కోసం పది లైన్ల ఫంక్షన్ ఒకటి రాసుకుని అన్నిచోట్లా అదే వాడండి. ఎవరో బయటివాళ్లు ఇచ్చిన పేరును అలాగే వాక్యంలో అతికించారంటే, ఆ పేరులో సెమీకోలన్ పెట్టి దాని వెనక ఏ కమాండ్ అయినా దూర్చొచ్చు.

9. అంతకంటే మేలైనది: పేర్లు పంపకండి, పనులకు పేరు పెట్టండి. గంటతో ఎవరూ కథలు చెప్పరు. ఇన్ని గంటలకు ఈ అర్థం అని ముందే ఒప్పందం ఉంటుంది, అంతే. ఇంటి కంప్యూటర్లో ఒక చిన్న స్క్రిప్టు పెట్టి, దానికి తెలిసిన మాటలు నాలుగే చేయండి. మా ఇంట్లో అవి: బ్యాకప్, జాగా, మస్టర్, ఆపు. మస్టర్ అంటే బతికున్నావా అని. నాన్న పెట్టిన పేరు. ఆథరైజ్డ్ కీస్ ఫైలులో తాళంచెవి ముందు కమాండ్ అనే మాట రాసి, ఈ స్క్రిప్టు పేరు కట్టేస్తే, ఆ తాళంచెవితో ఎవరొచ్చి ఏమడిగినా నడిచేది ఈ స్క్రిప్టే. అడిగిన మాట ఎస్‌ఎస్‌హెచ్ ఒరిజినల్ కమాండ్ అనే వేరియబుల్‌లో దానికి అందుతుంది. నాలుగు మాటల్లో లేనిదైతే తిప్పి పంపుతుంది. రెస్ట్రిక్ట్ అనే మాట కూడా చేరిస్తే పోర్టు ఫార్వార్డింగ్ వంటివి మూసుకుంటాయి. మీ ల్యాప్‌టాప్ పోయినా ఆ తాళంచెవితో దొంగ చేయగలిగింది ఆ నాలుగు పనులు మాత్రమే.

10. ప్రోగ్రాం నోరు తెరుచుకుని కూర్చోకుండా చూడండి. పాస్‌వర్డ్ అడగాల్సి వస్తే ఎస్‌ఎస్‌హెచ్ ఆగిపోతుంది, రాత్రి రెండింటికి చెప్పేవాళ్లుండరు. బ్యాచ్‌మోడ్‌ను ఎస్ అని, కనెక్ట్‌టైమౌట్‌ను పది సెకన్లని, సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్‌ను పదిహేనని పెట్టండి. చిన్న ఎన్ గుర్తు కూడా తగిలించండి. అది లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ మీ ప్రోగ్రాం ఇన్‌పుట్‌ను తానే తాగేస్తుంది. నేను ఫైళ్ల జాబితాను ఇన్‌పుట్‌గా ఇచ్చి లూప్ నడిపితే, మొదటి ఫైలు పని ముగిసి ప్రోగ్రాం ఆగిపోయింది. మిగతా జాబితా ఎస్‌ఎస్‌హెచ్ కడుపులోకి పోయింది.

11. కమాండ్‌కు పూర్తి దారి రాయండి. కూర్చుని లాగిన్ అయినప్పుడు దొరికే కమాండ్, ప్రోగ్రాం ద్వారా పంపితే 127 అని రావచ్చు. అక్కడి షెల్ ఆ రెండు సందర్భాల్లో చదివే సెట్టింగు ఫైళ్లు వేరు.

12. తెలుగు పేర్లకు పెద్ద పెట్టె సిద్ధం చేయండి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. 'ఇల్లందు' చూడ్డానికి మూడు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో మాత్రం ఇ, ల, పొల్లు, ల, సున్న, ద, కొమ్ము: ఏడు గుర్తులు, 21 బైట్లు, చివరి సున్నా బైటుతో 22. దీన్ని 16 బైట్ల పెట్టెలో ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో రాస్తే 'ఇల్లం' మిగులుతుంది. 20 బైట్ల పెట్టెలో అయితే 'ఇల్లంద' తర్వాత కొమ్ములో మూడో వంతు పడి, పేరు చెడిపోతుంది. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ తిరిగిచ్చే అంకె, మొత్తం రాయడానికి కావాల్సిన పొడవు. అది పెట్టె సైజుకు సమానమైనా, ఎక్కువైనా కమాండ్ పంపకుండా ఆగిపోండి. సగం తెగిన కమాండ్ అక్కడ ఇంకేదో అర్థంతో నడవొచ్చు.

13. పని పెరిగితే లైబ్రరీకి మారండి. నిమిషానికి పది కమాండ్లు పంపే ప్రోగ్రాం ప్రతిసారీ కొత్త ఎస్‌ఎస్‌హెచ్‌ను లేపడం వృథా. సీలో రెండు దారులున్నాయి: లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్, లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2. పేర్లు చూసి రెండోది మొదటిదానికి కొత్త కూర్పు అనుకోకండి, రెండూ వేర్వేరు. కర్ల్ వాడేవాటిలో లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2 ఒకటి. దానికి సాకెట్ మీరే తెరిచి ఇవ్వాలి. మొదటిది కనెక్షన్ కూడా తానే పెట్టుకుంటుంది, అందుకే కొత్తవాళ్లకు నేను దాన్నే చెబుతాను. వరస రెండింటిలోనూ దాదాపు ఒకటే: సెషన్, అవతలి కంప్యూటర్ గుర్తింపు, మన తాళంచెవి, ఛానెల్, కమాండ్, చదవడం, ముగింపు అంకె.

ఒక ఛానెల్‌కు ఒక కమాండే. రెండోది కావాలంటే అదే సెషన్‌లో కొత్త ఛానెల్ తెరవండి. మామూలు మాటలు మాత్రమే చదువుతూ తప్పుల దారిని వదిలేస్తే, అది నిండి అవతలి కమాండ్ రాయలేక ఆగుతుంది, మీరు దాని కోసం ఆగుతారు. రెండూ మార్చి మార్చి చదవండి.

14. అవతలి కంప్యూటర్ గుర్తింపును చూడకుండా వదలకండి. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ వాడినప్పుడు నోన్ హోస్ట్స్ ఫైలుతో పోల్చే పని అదే చేస్తుంది. లైబ్రరీ వాడితే అది మీ బాధ్యత. చిన్న ఉదాహరణలు చాలావాటిలో ఈ అడుగు ఎగిరిపోయి ఉంటుంది. వాటిని కాపీ కొడితే, గుర్తింపు మారినా మీ ప్రోగ్రాం ఎవరికో తలుపు తీసి అంతా చెప్పేస్తుంది.

15. గంటల తరబడి సాగే పనిని నోహప్‌తో బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలేసి, అచ్చయ్యేది ఒక లాగ్ ఫైలులోకి మళ్లించండి. ఇన్‌పుట్, తప్పుల దారి కూడా మళ్లించకపోతే ఎస్‌ఎస్‌హెచ్ వదలకుండా పట్టుకుని కూర్చోవచ్చు. తర్వాత తీరిగ్గా లాగ్ చూసుకోవచ్చు.

16. ఫైర్‌వాల్ మార్చే ముందు, పది నిమిషాల తర్వాత రీస్టార్ట్ కమ్మని షట్‌డౌన్ కమాండ్‌తో చెప్పి ఉంచండి. కొత్త నియమాన్ని అప్పుడే శాశ్వతంగా భద్రపరచకండి. మిమ్మల్ని మీరే బయట పెట్టి తలుపేసుకున్నా, రీస్టార్ట్ అయ్యాక పాత నియమాలు తిరిగొస్తాయి. అంతా బాగుంటే ఆ రీస్టార్ట్‌ను రద్దు చేసి, అప్పుడు భద్రపరచండి.

17. ఇవన్నీ సొంత కంప్యూటర్ మీదే చేయండి. ఆఫీసుదైనా, స్నేహితుడిదైనా, పక్కింటివారిదైనా అనుమతి లేకుండా దూరి చెడు ఉద్దేశంతో పని చేస్తే ఐటీ చట్టం 2000లోని 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

18. 'ఆపు' పంపే ముందు ఇంటికి ఒక ఫోన్ కొట్టండి. ఆపడం దూరం నుంచి చేయొచ్చు, మళ్లీ లేపడానికి మా ఇంట్లో ఇప్పటికీ అమ్మ వేలే కావాలి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య మాత్రం వద్దు. సీరియల్ వేళ ఆవిడ ఫోన్ ఎత్తరు.